చొక్కాల లెక్క

1979లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌ నుంచి సుమారు 130 మంది దక్షిణ కొరియాలోని పూసాన్‌ వెళ్లారు. మిషను తొక్కాల్సినవాళ్లూ, వాళ్ల మీద సూపర్‌వైజర్లూ అందులో ఉన్నారు. పంపింది నూరుల్‌ ఖాదర్‌ అనే మాజీ ప్రభుత్వాధికారి స్థాపించిన దేశ్‌ గార్మెంట్స్‌. పని నేర్పింది దేవూ కంపెనీ.

కొరియావాళ్లకు అంత ప్రేమ ఎందుకంటే, కోటాలు. పేద దేశాల బట్టలు తమ దుకాణాలను ముంచెత్తకుండా అమెరికా, ఐరోపా దేశాలు 1974 నుంచి ఒక ఒప్పందం కింద దేశానికింత అని పరిమితి పెట్టాయి. కొరియాకు ఆ పరిమితి అడ్డొచ్చింది. అప్పటికి జనపనార తప్ప పెద్దగా ఎగుమతులు లేని బంగ్లాదేశ్‌కు అలాంటి అడ్డు లేదు.

మన వీధి టైలరు కొలతలు తీసుకోవడం మొదలు ఇస్త్రీ దాకా చొక్కా అంతా తనే చూసుకుంటాడు. పూసాన్‌లో వాళ్లు నేర్చుకున్నది వేరు. ఒకరు కాలరు, ఒకరు జేబు, మరొకరు కాజాలు. ముక్కల కట్ట ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు కదులుతూ ఉండాలి. ఎక్కడ కట్టలు పేరుకుపోతున్నాయో కనిపెట్టి అక్కడికి ఇంకో మనిషిని వేయడం సూపర్‌వైజరు నేర్పు. మిషన్లు డబ్బిస్తే వస్తాయి. ఈ నేర్పు అలా రాదు. దేశ్‌ 1980లో కుట్టిన చొక్కాలు 43 వేలు. 1987కు అవి 23 లక్షలు.

అసలు కథ ఆ తర్వాతిది. పూసాన్‌ వెళ్లొచ్చినవారిలో 115 మంది దాకా కొన్నేళ్లలోనే దేశ్‌ను వదిలేశారు. కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, మిగతావాళ్లను ఇతరులు ఎగరేసుకుపోయారు. ఖాదర్‌కు అది నష్టమే. నేర్చిన పని మాత్రం దేశమంతా పాకింది.

నేర్పు ఉంటే చాలదు, గుడ్డ కావాలి. దాన్ని విదేశాల నుంచి తెప్పించాలి, చేతిలో డబ్బు లేదు. ఇక్కడ ప్రభుత్వం రెండు మంచి పనులు చేసింది. విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన ఎల్‌సీని (సరుకు అందితే డబ్బు చెల్లిస్తామన్న బ్యాంకు పత్రాన్ని) హామీగా చూపితే, గుడ్డ కొనడానికి బ్యాంకు ఇంకో ఎల్‌సీ తెరుస్తుంది. చొక్కాల డబ్బు వచ్చాక తీరుస్తారు. రెండోది బాండెడ్‌ గిడ్డంగి: ఎగుమతికి వాడే గుడ్డకు సుంకం లేదు. ఖజానా నుంచి పెద్దగా ఖర్చు లేని ఏర్పాట్లివి.

అదే కాలంలో భారతదేశం రెడీమేడ్‌ దుస్తులను చిన్న పరిశ్రమలకే రిజర్వు చేసి కూర్చుంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫ్యాక్టరీ పెద్దదైతే తప్పన్నట్టు తయారైంది. ఈ శతాబ్దం మొదట్లో ఆ నిబంధన తొలగేసరికి ఢాకా చాలా ముందుకు వెళ్లిపోయింది. ఇప్పుడు బంగ్లాదేశ్‌ ఎగుమతుల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా దుస్తులే. లక్షలాది ఆడవాళ్లు మొదటిసారి జీతం అందుకున్నది ఆ ఫ్యాక్టరీల్లోనే.

ఆ జీతం మాత్రం చొక్కాల లెక్కతో సమంగా పెరగలేదు, భద్రత చాలాకాలం అసలే పెరగలేదు. 2013 ఏప్రిల్‌ 24న ఢాకా శివార్లలో దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలు పగుళ్లిచ్చాయని ముందురోజే తెలుసు. అయినా కార్మికులను లోపలికి పంపారు. విదేశీ బ్రాండ్లు తనిఖీ ఒప్పందాలపై సంతకాలు పెట్టింది ఆ తర్వాతే.

ఇంకో వెలితి అంతగా వార్తల్లోకి రాదు. దుస్తులకు అంత సులువుగా దొరికిన సుంకం మినహాయింపు, అరువు గుడ్డ లాంటి వెసులుబాట్లు చెప్పులు, ప్లాస్టిక్‌ సామాను చేసే చిన్న ఎగుమతిదారులకు ఆ స్థాయిలో అందలేదు. నాలుగు దశాబ్దాలైనా చొక్కాల పక్కన నిలబడగల రెండో సరుకు ఆ దేశానికి ఇంకా రాలేదు.