చక్రాల లెక్క

తొమ్మిదో తరగతిలో స్టాంపు ప్యాడు చేతులు మారుతోంది. ఎవరి వేళ్లకు ఎన్ని చక్రాలు, ఎన్ని శంఖాలు అని పందెం. "పదీ చక్రాలే ఉంటే రాజయోగమట, నిజమేనా సార్?" అన్నాడొకడు. యోగం సంగతి నాకు తెలీదు గానీ నీ కాగితం ఏ అరలో పడుతుందో చెబుతానన్నాను.

1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో తెరిచారు. పదివేళ్ల కాగితాలు గుట్టలుగా పేరుకుంటే పాత నేరస్థుణ్ణి వెతికేదెలా? బ్యూరోలో పనిచేసే అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లు దారి చూపారు. కుడి బొటనవేలి నుంచి వరుసగా పదివేళ్లనూ ఐదు జతలు చేయాలి. మొదటి జతలో చక్రం కనిపిస్తే 16, రెండో జతలో 8, ఆపైన 4, 2, 1. శంఖానికి సున్నా. ప్రతి జతలోనూ రెండో వేళ్ల మొత్తం పైన, మొదటి వేళ్ల మొత్తం కింద రాసి, రెంటికీ ఒకటి కలపాలి. కుడి బొటనవేలికి మాత్రమే చక్రముంటే 1/17. పదికి పదీ చక్రాలైతే 32/32. వెరసి 1,024 అరలు. కంప్యూటరు పుట్టకముందే బీరువాలోకి బైనరీ వచ్చేసిందన్నమాట! పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. హక్‌కు ఖాన్ బహదూర్ బిరుదు ఇచ్చారు లెండి.

చిక్కల్లా ఒకటే. దొంగ పదివేళ్లూ వదిలిపెట్టడు. కిటికీ మీద అరవేలు ముద్ర దొరికితే అదే గొప్ప. దానికి ఏ అర తెరుస్తాం?

అందుకే కంప్యూటరు చక్రాలనే నమ్ముకోలేదు. చర్మం మీది గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అని చూస్తుంది. ఒక్కో బిందువుకీ చోటు, గీత వాలు రాసుకుంటుంది. ముద్ర వంకరగా పడినా బిందువుల మధ్య దూరాలు పెద్దగా మారవు. సప్తర్షి మండలం ఎటు తిరిగినా మనం గుర్తుపట్టమూ? అయితే చర్మం సాగుతుంది, మసి అలుక్కుంటుంది, కొన్ని చుక్కలు మాయమవుతాయి. అందుకని యంత్రం అవుననీ కాదనీ అనదు. మార్కులేసి, ఎక్కువ వచ్చినవాళ్ల జాబితా ఇస్తుంది. తేల్చాల్సింది నిపుణుడే.

1985లో లాస్ ఏంజెలెస్‌ను వణికించిన హంతకుణ్ణి, దొంగిలించిన కారులో దొరికిన ముద్రతో కాలిఫోర్నియా కొత్త యంత్రం నిమిషాల్లో పట్టిచ్చింది. 2004లో మాడ్రిడ్ రైళ్ల పేలుళ్లప్పుడు దొరికిన ఒక ముద్రకు ఎఫ్‌బీఐ యంత్రం 20 మందిని చూపింది. నాలుగోవాడు ఒరెగాన్‌లో ఒక లాయరు. అతనిదేనని నిపుణులు ఒకరి తర్వాత ఒకరు తలూపారు. లాయరు రెండు వారాలు నిర్బంధంలో ఉన్నాడు. స్పెయిన్ పోలీసులు కాదు కాదంటూనే ఉండి, చివరికి ఆ ముద్ర ఒక అల్జీరియా వాడిదని తేల్చారు. నాకు యంత్రం మీద కోపం రాలేదు. పోలినవాణ్ణి వెతకమన్నారు, వెతికింది. కోట్ల ముద్రల్లో వెతికితే, సంబంధం లేకపోయినా దాదాపు అలాంటి ముద్రే ఉన్నవాడు దొరక్కపోడు. ఆ సంగతి మరిచింది మనుషులు.

మన దేశంలో 2022లో జాతీయ వేలిముద్రల వ్యవస్థ వచ్చింది. ఇప్పుడు నేరం కేసులో అరెస్టయిన వ్యక్తికి పది అంకెల నంబరిస్తున్నారు.

ఇక మావాడి కాగితం. కుడి బొటనవేలికీ ఉంగరపు వేలికీ చక్రాలు. ఎడమచేతికి అన్నీ శంఖాలే. కుడి చిటికెన వేలి దగ్గర సిరా అలికేసింది. సగం క్లాసు చక్రమంది, సగం శంఖమంది. శంఖమైతే 9/17, చక్రమైతే 9/21.

"అయితే రెండు అరలూ వెతకాలి సార్" అన్నాడు వాడు, వేలు చొక్కాకు తుడుచుకుంటూ.