సిమెంటు వద్దన్న ఊరు

కొండ నెత్తిన తేనెపట్టులా ఒకదాన్నొకటి కరుచుకున్న రాతి ఇళ్లు. మధ్యలో ఓ గుండ్రటి బురుజు. వెనక మంచుకొండలు. ఎవరో పెయింటింగ్ వేసి పెట్టినట్టుంటుంది ఆ ఊరు. దగ్గరికెళితే తలుపులు చాలావరకు తాళాలేసి ఉంటాయి!

ఇటలీ అనగానే రోమ్, వెనిస్, ఒరిగిన పీసా గోపురం... మన టూర్ ప్యాకేజీలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. రోమ్ నుంచి తూర్పుగా కారులో ఓ రెండు గంటలు వెళితే వచ్చే శాంటో స్టెఫానో ది సెస్సానియో పేరు వాటిలో కనిపించడం అరుదు. అబ్రుజో రాష్ట్రంలో, లాక్విలా పట్టణానికి ఎగువన, సుమారు 1,250 మీటర్ల ఎత్తులో ఉంటుందీ ఊరు. అంటే దాదాపు మన హార్స్‌లీ హిల్స్ అంత ఎత్తు. కాకపోతే ఇక్కడ చలికాలం వచ్చిందంటే మోకాలి లోతు మంచు పడుతుంది.

కారు ఊరి బయటే ఆపెయ్యాలి. లోపలి సందుల్లోకి అది పట్టదు. ఈ ఊరికి విడిగా కోటగోడంటూ లేదు. అంచున ఉన్న ఇళ్లే వరసగా అతుక్కుని గోడ అయిపోయాయి. అందుకే బయటివైపు కిటికీలు చిన్నవి, అవీ చాలా ఎత్తులో. సందులు కొన్నిచోట్ల ఇళ్ల కిందుగా, సొరంగాల్లా దూరిపోతాయి. మంచు పడుతున్నా, ఈదురుగాలి వీస్తున్నా ఆ కమానుల కింద నుంచి తడవకుండా పక్కింటికి వెళ్లిపోవచ్చు. మధ్యయుగాల నాటి మేస్త్రీలు ఎండకంటే చలికే ఎక్కువ భయపడ్డారని ఒక్క వీధి నడిస్తే చాలు, తెలిసిపోతుంది.

ఊరి ప్రధాన ద్వారం మీద రాతిలో చెక్కిన ఓ రాజముద్ర ఉంటుంది. గుండ్రటి బంతులున్న ఆ ముద్ర ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిసీ వంశానిది. ఎక్కడి ఫ్లోరెన్స్, ఎక్కడి ఈ కొండ! వాళ్లని ఇక్కడికి రప్పించింది ఉన్ని. ఈ చుట్టుపక్కల గొర్రెల నుంచి ‘కార్ఫాన్యా’ అనే ముతక నల్ల ఉన్ని వచ్చేది. సన్యాసుల అంగీలకూ, సైనికుల దుస్తులకూ అదే కావాలి. 1579లో మెడిసీలు ఈ ప్రాంతాన్ని కొనేశారు. 1743 దాకా వాళ్ల చేతుల్లోనే ఉంది. చెక్కడపు పనితనమున్న కిటికీలూ, వాకిళ్లూ ఆ డబ్బుతో వచ్చినవే.

గొర్రెలు మాత్రం ఏడాదంతా ఇక్కడ ఉండేవి కావు. శరదృతువులో మంచు మొదలవకముందే కాపరులు మందల్ని తోలుకుని దక్షిణాన ఉన్న పూలియా మైదానాలకు బయల్దేరేవారు. లాక్విలా నుంచి ఫోజా దాకా 244 కిలోమీటర్ల దారి. మళ్లీ వేసవి మొదట్లో వెనక్కి. ఈ వలస సంప్రదాయాన్ని 2019లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గౌరవం దక్కేసరికి దారి మీద గొర్రెలు కరవయ్యాయనుకోండి! పంతొమ్మిదో శతాబ్దిలో పూలియా పచ్చికబయళ్లు పొలాలుగా మారడం మొదలవడంతో మందలకు మేత కరవైంది. ఇరవయ్యో శతాబ్దిలో జనం పొట్ట చేతపట్టుకుని అమెరికాలకూ, రోమ్‌కూ వెళ్లిపోయారు. ఒకప్పుడు వెయ్యి మందికి పైగా ఉన్న ఊళ్లో 2020 నాటికి మిగిలింది 115 మంది. అందులో 41 మంది 65 ఏళ్లు దాటినవాళ్లు. ఇరవై ఏళ్లలోపు వాళ్లు పదమూడుగురే.

సిమెంటు వారి అబ్బాయి

ఊరు ఇంత అందంగా మిగలడానికి కారణం కూడా ఆ వలసే. కొత్తగా కట్టుకునే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి పాతది పాతగానే ఉండిపోయింది. 1999లో మోటారు సైకిలు మీద తిరుగుతూ డానియెలె కిల్‌గ్రెన్ అనే స్వీడిష్-ఇటాలియన్ యువకుడు ఇటొచ్చాడు. చూసి ముచ్చటపడి, కూలుతున్న ఇళ్లను ఒక్కొక్కటే కొనడం మొదలుపెట్టాడు. తమాషా ఏంటంటే ఆయనది సిమెంటు వ్యాపారంతో గడించిన కుటుంబం. అలాంటివాడు ఊరి పాలకులతో ఓ ఒప్పందానికి వచ్చాడు: తాను ఇక్కడ డబ్బు పెడతాడు, వాళ్లు కొత్త కాంక్రీటు కట్టడాల్ని రానివ్వకూడదు!

ఆ ఇళ్లే ‘సెక్స్‌టాన్షియో’ అనే హోటలయ్యాయి. రిసెప్షన్ ఒక సందులో, గది ఇంకో సందులో, భోజనం మరోచోట. ఇలా ఊరంతా పరచుకున్న హోటల్‌ని ‘అల్బెర్గో డిఫ్యూజో’ అంటారు. 1976 భూకంపంలో దెబ్బతిన్న ఫ్రియులీ ప్రాంతపు పల్లెల్ని నిలబెట్టే ప్రయత్నంలో పుట్టిన ఆలోచన అది. కిల్‌గ్రెన్ గదుల్లో వంటపొగకు నల్లబడ్డ గోడల్ని అలాగే వదిలేశారు. చేనేత దుప్పట్లు, పాత చెక్క మంచాలు. వెచ్చదనం మాత్రం కనిపించకుండా నేలకింద నుంచి వస్తుంది. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ చలికి ముడుచుకుని పడుకున్న గదిని పర్యటకులకు ఖరీదైన బసగా ఇవ్వడం కాస్త ఎబ్బెట్టుగా అనిపించే మాట నిజమే. కానీ ఆ పొగమరకలకు సున్నం కొట్టేసి ఉంటే, ఆ ఇంట్లో ఎవరు ఎలా బతికారో చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.

2009 ఏప్రిల్ 6, తెల్లవారుజామున మూడున్నర. లాక్విలా భూకంపం మూడు వందల మందికి పైగా ప్రాణాల్ని బలి తీసుకుంది. శాంటో స్టెఫానోలో శతాబ్దాలుగా నిలబడ్డ బురుజు కుప్పకూలింది. రాయి బలహీనమై కాదు, గత శతాబ్దిలో మరమ్మతుల పేరుతో పైన వేసిన కాంక్రీటు బరువే ముంచిందన్న మాట గట్టిగా వినిపించింది. పాత పద్ధతిలో బాగుచేసిన ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. ఊరి గుర్తయిన ఆ బురుజును మళ్లీ లేపడానికి దాదాపు పుష్కరకాలం పట్టింది.

ఉండటానికి ఎవరొస్తారు?

బురుజు లేచింది సరే, దాని కింద కాపురం ఉండేదెవరు? 2020లో పంచాయతీ ఓ ప్రకటన ఇచ్చింది. నలభై ఏళ్లలోపు వాళ్లు వచ్చి కనీసం ఐదేళ్లు ఉండాలి. మూడేళ్లపాటు ఏడాదికి గరిష్ఠంగా 8 వేల యూరోలు, వ్యాపారం పెడితే 20 వేల యూరోల దాకా సాయం, నామమాత్రపు అద్దెకి ఇల్లు. యూరప్ పౌరసత్వమో, శాశ్వత నివాస అనుమతో తప్పనిసరి. ఉన్నది పది మందికి చోటు. దరఖాస్తులు వచ్చింది సుమారు పదిహేను వందలు! పంచాయతీ అడిగిన పనుల్లో గైడ్లు, మరమ్మతులు చేసేవాళ్లతో పాటు మందుల దుకాణం కూడా ఉంది. పర్యటకుడికి కనిపించని లోటు అది. వేసవి శనాదివారాల్లో సందులు కిటకిటలాడతాయి. జనవరిలో ఏ ముసలమ్మకైనా జ్వరమొస్తే మాత్రం కొండ దిగాల్సిందే.

వెళ్లాలనుకుంటే మే నుంచి అక్టోబరు మధ్య మంచి కాలం. సొంతంగా కారు అద్దెకు తీసుకోవడం మేలు, బస్సులు తక్కువ. గంటన్నర నడిచే ఓపిక ఉంటే కొండదారిన రొక్కా కలాషియో కోట దాకా వెళ్లొచ్చు. 1985 నాటి హాలీవుడ్ సినిమా ‘లేడీహాక్’లో కనిపించేది ఆ కోటే.

భోజనానికి కూర్చుంటే అడగాల్సింది ఒక్కటే... ఇక్కడి చిరు పప్పుతో చేసిన సూప్. మన మైసూరు పప్పు జాతిదే. గింజ చాలా చిన్నది, పొట్టుతో గోధుమ నలుపు రంగులో ఉంటుంది. వెల్లుల్లి, లారెల్ ఆకు వేసి ఉడికించి, పైన ఆలివ్ నూనె పోసి, కాల్చిన రొట్టెముక్కలతో ఇస్తారు. పోపు లేకుండా పప్పేంటని మనకి అనిపించవచ్చు, కానీ రెండో చెంచాకి అలవాటైపోతుంది. వెయ్యి మీటర్లకు పైన, చలికి ఓర్చి, సున్నపురాతి నేలలో పండుతుందది. వసంతంలో విత్తి, వేసవి చివర్లో కోస్తారు. సెప్టెంబరు మొదట్లో ఊళ్లో ఆ పప్పుకి ఓ పండగ కూడా చేస్తారు. నానబెట్టే పని లేదు, ఇంటికి తెచ్చుకోవచ్చు. ధర మాత్రం మన కిరాణా కొట్టు లెక్కల్లో చూడకూడదు. పండేది కొంచెమే, పండించే చేతులు అంతకంటే తక్కువ.