ఇంటిలో పట్టిన పాటకు మెఱుగు

మన స్త్రీల పాటలు పెక్కు గ్రంథములలో లేవు, అమ్మమ్మల కంఠములలో నున్నవి. "ఊర్మిళాదేవి నిద్ర", "లక్ష్మణదేవర నవ్వు" వంటి కొన్ని అచ్చునకెక్కినను, వాని నడకయు, విఱుపును, ఏ మాటకడ గొంతు జాఱి మఱల నిలదొక్కుకొనునో యా సొగసును అక్షరములలో నిలుచునవి కావు. పాడు ముసలమ్మ కనుమూసినచో నా వరుసయు నామెతోనే పోవును. నేడు దాదాపు ప్రతి యింటను చేతిఫోను కలదు గనుక పాటను పట్టియుంచుట సులభమైనది. కాని పట్టిన పాటను మఱునాడు వినిచూచినచో నుత్సాహము చల్లబడును. గొంతు నూతిలోనుండి వచ్చినట్లుండును. శ్రుతిపెట్టె మ్రోత మాటలను మ్రింగును. పంకా హోరు ఎడతెగదు. చరణము చివరి మాట వినబడదు. ఆ మాట ఆమె యొక్కతెకే తెలిసినదైనచో నష్టమెంతయో యూహింపుడు.

ఇట్టి పాటను విడదీసి, సవరించి, మఱల నొక్కటిగా కూర్చు పనిని మిక్సింగు అందురు. ఇది పెద్ద స్టూడియోలవారి రహస్యవిద్య యను భయము మనలో పలువురకు కలదు. అంత భయము వలదు. చేటలో పప్పు పోసి చెఱిగి, రాళ్లేఱిన చేతులకు ఈ పని క్రొత్త కాదు. ఇందు చేర్చునదానికంటె తీసివేయునదే యెక్కువ.

నిజమునకు మిక్సింగు విద్యుత్తుకంటె ముందు పుట్టినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తన పాట నిచ్చినపుడు మైకు లేదు. ఒక పెద్ద బూర యెదుట పాడవలసి యుండెను. ఆ ధ్వనిచే కదలిన సూది మైనపు పలకపై గీతలు గీచెడిది. మ్రోత పెద్దదైన వాద్యమును దూరముగను, గొంతును దగ్గఱగను నిలుపుటయే అప్పటి మిక్సింగు. 1925లో విద్యుత్తు మైకు గ్రామఫోను పనిలో ప్రవేశించెను. అటుపిమ్మట అమెరికాలో లెస్ పాల్, మేరీ ఫోర్డు అను దంపతులు తమ యింటనే ఒక్కొక్క వాద్యమును, ఒక్కొక్క గొంతును వేఱువేఱుగ పట్టి, ఒకదానిపై నొకటి పేర్చిరి. 1951లో వెలువడిన వారి "హౌ హై ద మూన్" పాటలో మేరీ ఫోర్డు ఒక్కతెయే పలువురు గాయనులై వినవచ్చును. 2000లో ఆడాసిటీ యను సాధనము కంప్యూటరులకు ఉచితముగ లభించెను. ఇప్పుడు ఫోనులోనే పని చేయు సాధనములును గలవు. కావున లోటు సాధనముది కాదు.

మొదట గది మాట. శబ్దము సెకనునకు సుమారు 343 మీటరులు పోవును. పాడువారికి మూడు మీటరుల దూరమున గోడయున్నచో, ధ్వని పోయి మఱలివచ్చుటకు సెకనులో వేయింట సుమారు 18 వంతులు పట్టును. ఇంత స్వల్పకాలములో వచ్చిన ప్రతిధ్వనిని చెవి వేఱుగా గుర్తింపదు. అసలు ధ్వనితో కలిపివేసికొని, మాట మసకబాఱినట్లు తోపించును. ఒకసారి గొంతులో గది కలిసినచో పిమ్మట నేర్పరి సైతము విడదీయజాలడు. పాలలో నీళ్లు కలిసిన చందము. కావున గచ్చుగదిని, వంటయింటిని విడిచి, పఱుపులు, బొంతలు, దుప్పట్లు గల పడకగదిలో పాడింపుడు. చీరల బీరువా తలుపులు తెఱచి దాని యెదుట కూర్చుండబెట్టిన మఱియు మేలు. పంకాను, వీలైనచో ఫ్రిజ్జును ఆ కొలదిసేపు ఆపుడు. ఫోను నోటికి జానెడు దూరమున నుండవలెను. దూరము సగమైనచో గొంతు సుమారు 6 డెసిబెలులు పెరుగును, గది మ్రోత మాత్రము ఉన్నట్లే యుండును. ఇంత లాభము మఱి యే యంత్రమును నీయదు.

ఫోనును సూటిగా నోటి యెదుట పెట్టరాదు, కొంచెము ప్రక్కకు పెట్టవలెను. మన వ్యాకరణములలో ఓష్ఠ్యములని చెప్పబడిన ప, ఫ, బ, భ లు పెదవులు మూసి తెఱచుటచే పుట్టును. ఆ తెఱపిలో వెడలు గాలి నేరుగా మైకును తాకినచో "బుస్సు"మను దెబ్బ వినబడును. "భ"తో మొదలగు భజనలు పట్టినవారికిది చిరపరిచితము.

ధ్వనిమట్టమును చూపు గీటు సున్న వఱకు పోరాదు. గట్టిగా పాడినపుడు సైతము సున్నకు 6 మొదలు 12 డెసిబెలులు దిగువను నిలుచునట్లు చూచుకొనుడు. సున్నను దాటిన ధ్వని తల నఱికినట్లగును. దానికి చికిత్స స్వల్పము.

శ్రుతిని గొంతుతో నేకముగ పట్టవలదు. శ్రుతిని చెవిగొట్టములో వినిపించుచు గొంతును మాత్రము పట్టి, పిమ్మట శ్రుతిని వేఱు ట్రాకుగ చేర్చుకొనుడు. మా అత్తగారికి చెవులు రెండును మూసినచో పాట రాదు. ఒక చెవికి గొట్టము, ఒక చెవి ఖాళీగ నుంచితిమి. ఆమె "ఊర్మిళాదేవి నిద్ర" అట్లు పాడినదే. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు, గొంతున వణకు గలదు. మా మరదలు మఱియొకనాడు హార్మోనియమును, తాళములను పట్టి యిచ్చినది. ఈ మూడింటిని కూర్చుటయే పని.

మూడింటిని క్రిందికి దింపి, మొదట గొంతు నొక్కదానినే వినవలెను. మనుష్యుని చెవికి 20 హెర్ట్జులనుండి 20,000 హెర్ట్జుల వఱకు వినబడునందురు. స్త్రీకంఠపు మూలధ్వని ప్రాయికముగ 160 హెర్ట్జులకు పైని యుండును. కావున 80 హెర్ట్జులకు దిగువనున్నది గొంతు కాదు. వీథిలో లారీ పోయిన మ్రోత, బల్ల కదలిన సద్దు. ఇంటి విద్యుత్తు గుయ్యిమను 50 హెర్ట్జుల మ్రోతయు నక్కడనే యుండును. దిగువను ఆపి ఎగువను విడుచు ఫిల్టరును అచ్చట పెట్టినచో గొంతు చెడదు, బరువు తగ్గును.

తరువాతిది ఈక్వలైజరు. ఏ స్థాయి ధ్వనిని ఎంత యుంచవలెనో, ఎంత తగ్గింపవలెనో నిర్ణయించు సాధనమిది. 200 మొదలు 400 హెర్ట్జుల నడుమ ధ్వని పేరుకొన్నచో పాట డబ్బాలో పాడినట్లుండును. అచ్చట రెండు మూడు డెసిబెలులు తగ్గింపుడు. హార్మోనియమునకును బలము చాలవఱకు అక్కడనే. బలమైన ధ్వని తన ప్రక్కనున్న బలహీనధ్వనిని చెవికి తెలియకుండ కప్పివేయును. గొంతు వినబడలేదని గొంతును పెంచుట సామాన్యులు చేయు పని. హార్మోనియమును ఆ చోటనే తగ్గించుట తెలిసినవారి పని. మేమట్లు 4 డెసిబెలులు తగ్గింపగా, గొంతును ముట్టకయే మాటలు పైకి తేలినవి.

ఇక అక్షరముల సంగతి. నా కిదియే ప్రధానము. అచ్చులు గొంతునకు బలము. హల్లులు మాటకు ప్రాణము. "ల"కును "ళ"కును, "న"కును "ణ"కును గల భేదము రెండు మూడు వేల హెర్ట్జుల చుట్టుప్రక్కల నెఱుకపడును. అచ్చట మసకయున్నచో "కల" యనినను "కళ" యనినను ఒక్కటియే. ప్రాస చెడకున్నను చెడినట్లు వినబడును. అందుచే 3,000 హెర్ట్జులకడ గొంతును ఒకటి రెండు డెసిబెలులు పెంచుట మేలు. అంతకు మించినచో చెవి నొచ్చును. శ, ష, స లను మన పెద్దలు ఊష్మములనిరి, వేడిగాలి గలవని యర్థము. వీని సద్దు ప్రాయికముగ 5,000 మొదలు 8,000 హెర్ట్జుల నడుమ నుండును. పండ్లు సడలిన ముసలివారి "స"కారము ఈల వేసినట్లుండుట కలదు. దీనిని ఆ యక్షరము వచ్చినపుడు మాత్రము తగ్గించు సాధనము గలదు, డీ-ఎస్సరందురు. పాట పొడుగున తగ్గింపకుడు. "సీత" కాస్త "తీత" యగును.

పాట యెల్లయెడల నొకే మట్టమున నుండదు. పల్లవి గట్టిగ, చరణాంతమున ఆయాసముతో సన్నముగ పాడుదురు. కంప్రెసరను సాధనము మితి దాటిన ధ్వనిని అణచును. మితి పైని 6 డెసిబెలులు పోయిన ధ్వనిని, రెంటికొకటి చొప్పున పెట్టినచో, 3 కు దించును. మూటికొకటి చొప్పున పెట్టినచో 2 కు దించును. అటుపిమ్మట మొత్తమును కొంచెము హెచ్చించినచో సన్నని చివరిమాటలు వినవచ్చును. కాని మితిమీఱి వాడినచో పాటలో భావము చచ్చును. ఊపిరి సద్దు గూడ పాటంత పెద్దదగును. చరణాంతములను చేతితోనే ఒక్కొక్కటిగ పెంచుట నాకు రుచించిన మార్గము. శ్రమ యెక్కువ, నష్టము తక్కువ.

ప్రతిధ్వని చేర్చు సాధనమును రివర్బు అందురు. దీనియెడ మనవారికి మోజు హెచ్చు. లాలిపాటకు గుడిమంటపపు ప్రతిధ్వని యేల? కూరలో ఇంగువవలె, ఉన్నదని తెలియకుండ, తీసివేసినపుడు మాత్రము లోటు తెలియునట్లుండవలెను. ఇరువురు పాడు మంగళహారతియైనచో ఒక గొంతును కొంచెమెడమకు, రెండవదానిని కొంచెము కుడికి జరుపుడు. రెండును విడివిడిగ తెలియును.

వినుటలో నొక మోసము గలదు. గట్టిగా వినబడునదెల్ల బాగున్నట్లు తోచును. చిన్నగ విన్నపుడు దిగువ ధ్వనులు మన చెవికి మఱింత తక్కువగ వినబడునని ఫ్లెచరు, మన్సను అను శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిరి. కావున సవరణకు ముందును వెనుకను ఒకే మట్టమున పోల్చి వినుడు. చెవిగొట్టములో విన్నదానిని ఫోనులోను, పొయ్యి ముందఱను గూడ వినుడు. వినువారు వినునది అచ్చటనే. వయస్సు మీఱినకొలది చెవికి పైస్థాయి ధ్వనులు తగ్గును గనుక, బుసబుస యున్నదో లేదో ఇంటిలోని పిల్లలనడుగుడు.

ఇక నొక హెచ్చరిక. 1997లో వెలువడిన ఆటో-ట్యూను మొదలు స్వరమును సరిదిద్దు సాధనములు పెక్కు వచ్చినవి. సప్తకమును పండ్రెండు మెట్లుగ విభజించి, తప్పిన స్వరమును దగ్గఱిమెట్టుపై నిలుపుట వీని సామాన్యమైన పని. మన పాటలో గొంతు మెట్టునుండి మెట్టునకు దుముకదు, జాఱును. ఆ జాఱుడును యంత్రము తప్పుగ నెంచి చదును చేయును. మా అత్తగారి పాటను ఇట్లు సరిచేసి చూడుమని మా మరదలు కోరగా చేసి వినిపించితిని. స్వరములు చక్కనైనవి; కాని పాడినది అత్తగారు కాదు, ఎవతెయో పడుచుపిల్ల. "ఇది నా గొంతా?" అని యామె యడిగెను. మఱి మాట లేక ఆ సవరణను తొలగించితిమి. హోరు తొలగించు సాధనమును నట్టిదే. పాటకు ముందు అయిదు సెకనులు మౌనముగ గదిని పట్టియుంచినచో దానికి మచ్చు దొరకును. కొంచెము వాడిన మేలు, ఎక్కువ వాడినచో గొంతు నీటిలో పాడినట్లగును. వణకు తీయదగిన దోషము కాదు. పంకా హోరు దోషము.

అన్నిటికంటె ముఖ్యము, మొదట పట్టినదానిని ముట్టక వేఱుగ దాచి, నకలుపై మాత్రమే పనిచేయుట. రేపు మనకంటె నేర్పరియైన మనుమరాలు మఱల కూర్చుకొనవచ్చును. దాచునది వేవ్ రూపమున నుండవలెను. సెకనునకు 44,100 నమూనాలు, 16 బిట్లు చొప్పున ఒంటి ట్రాకు నిమిషమునకు సుమారు 5 మెగాబైట్లగును. రెండుచోట్ల నుంచుడు. బంధువులకు వాట్సాపులో పంపునపుడు గొంతుసందేశముగ గాక డాక్యుమెంటుగ పంపినచో ధ్వని నలుగక పోవును.

గౌహర్ జాన్ ఆ కాలపు పలకలపై పాట ముగియగనే తన పేరు తానే చెప్పెడిది. మీరును పాడిన పెద్దమ్మచేత ఆమె పేరు, ఊరు, ఆ పాట నెవరివద్ద నేర్చినదో, యా సంగతి ఆమె నోటనే చెప్పించి పాట చివర నుంచుడు. ఆ మాటలకు ఏ సవరణయు చేయకుడు.