దూడ న్యుమోనియా: అపోహలు – వాస్తవాలు

చలికాలంలో దూడలు దగ్గుతాయి, ముక్కు కారుస్తాయి, డొక్కలెగరేస్తాయి. పాడి ఉన్న ఏ ఊళ్లోనైనా ఇది కనిపించేదే. 'ఆక్సీకరణ ఒత్తిడి తగ్గించే' సూదులూ పొడులూ దుకాణాల్లో దొరుకుతుండటంతో పాత అపోహలకు కొత్తవి తోడయ్యాయి. దూడ ప్రాణం మీదికి తెచ్చేవి వీటిలో కొన్ని ఉన్నాయి.

అపోహ: చలిగాలి తగిలితేనే న్యుమోనియా వస్తుంది, పాక చుట్టూ పట్టాలు బిగిస్తే చాలు.

వాస్తవం: మాన్‌హీమియా హీమోలిటికా, పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న పశువుల ముక్కులోనూ గొంతులోనూ ఉంటాయి. లారీ ప్రయాణం, సంతలో కొత్త పశువులతో కలవడం, వైరస్ జబ్బు వంటివాటితో ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. చలి ఆ కారణాల్లో ఒకటి మాత్రమే. నాలుగు వైపులా మూసేసిన పాకలో మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా బయటికి పోదు, శ్వాసనాళాల లోపొరను దెబ్బతీస్తుంది. దూడ పడుకునే చోట గొంతుక్కూచుని కాసేపు ఊపిరి పీల్చి చూడండి. కళ్లు మండితే ఆ గాలి దూడకు పనికిరాదు. గాలి కొట్టే వైపు మాత్రమే, దూడ ఎత్తు వరకే పట్టా కట్టి, కింద పొడి గడ్డి మందంగా పరవాలి.

అపోహ: ఫ్రీ రాడికల్స్ అంటే విషమే, అవి పుట్టకుండా చేస్తే జబ్బే రాదు.

వాస్తవం: ఫ్రీ రాడికల్స్, అంటే ఒంట్లో పుట్టే చురుకైన రసాయనాలు, వాటి నుంచి తయారయ్యేవీ పశువు ఆయుధాలు. తెల్ల రక్తకణాలు బాక్టీరియాను మింగాక, ఆక్సిజన్‌ నుంచి సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, చివరికి బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో ఉండే హైపోక్లోరస్ ఆమ్లం కూడా తయారుచేసి వాటితో చంపుతాయి. మోతాదు మించినప్పుడే చిక్కు. మాన్‌హీమియా వదిలే ల్యూకోటాక్సిన్ అనే విషం నెమరువేసే జంతువుల తెల్లకణాలను పగలగొడుతుంది. వాటిలోని రసాయనాలూ ఎంజైములూ పశువు సొంత ఊపిరితిత్తుల మీదే పడతాయి. శరీరంలోని యాంటీఆక్సిడెంట్లు ఆ ధాటిని ఆపలేని స్థితే ఆక్సీకరణ ఒత్తిడి. జబ్బును మొదలుపెట్టేది బాక్టీరియా, నష్టాన్ని పెంచేది ఈ ఒత్తిడి.

అపోహ: విటమిన్ ఇ–సెలీనియం సూది వేస్తే నయమైపోతుంది.

వాస్తవం: కణాలను కాపాడే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములో సెలీనియం ఉంటుందని 1973లోనే తేలింది. లోటున్న పశువుకు ఆ సూది మేలు చేస్తుంది. బాక్టీరియాను మాత్రం చంపదు. దాన్నే నమ్ముకుని యాంటీబయాటిక్ ఆలస్యం చేస్తే, పాడైన ఊపిరితిత్తి మళ్లీ పూర్తిగా కోలుకోదు. పైగా సెలీనియం ఎక్కువైతే విషం, కాబట్టి సొంతంగా వేయొద్దు. విటమిన్ ఇ పచ్చిమేతలో పుష్కలంగా ఉంటుంది, ఎండు వరిగడ్డిలో దాదాపు ఉండదు. వరిగడ్డి మీదే బతికే పశువుకు రోజూ కాస్త పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం పెట్టడం సూదికన్నా ముందు చేయాల్సిన పని.

అపోహ: మాయ పడేదాకా దూడకు జున్నుపాలు తాగించకూడదు.

వాస్తవం: ఈ నమ్మకం ఎన్నో దూడలను బలితీసుకుంది. తల్లి కడుపులో ఉండగా దూడకు యాంటీబాడీలు అందవు, జున్నుపాలతోనే అందాలి. వాటిని పీల్చుకునే శక్తి దూడ పేగుకు గంటగంటకూ తగ్గి, ఒక్క రోజులో దాదాపు పోతుంది. విటమిన్ ఇ కూడా ఆ పాలతోనే వస్తుంది. మాయ పడినా పడకపోయినా, ఈనిన గంట రెండు గంటల్లో తాగించండి.

అపోహ: గొట్టంతో కషాయం పోసి, డొక్క మీద వాతలు పెడితే దగ్గు తగ్గుతుంది.

వాస్తవం: తల పైకెత్తి, నాలుక లాగి పట్టి పోస్తే పశువు మింగలేదు. మందు శ్వాసనాళంలోకి దిగి కొత్త న్యుమోనియా తెస్తుంది. వాతల వల్ల నొప్పి, పుండు తప్ప ఏమీ లేదు.

అపోహ: గొంతువాపు టీకా వేయించాం, ఇక భయం లేదు.

వాస్తవం: వానలకు ముందు ఆ టీకా తప్పక వేయించాలి. కానీ అది గొంతువాపు తెచ్చే పాశ్చురెల్లా రకానికే, మిగతా న్యుమోనియాలకు కాదు.

పశువు ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటినా, మేత మానేసి మెడ చాచి ఊపిరి తీస్తున్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. జ్వరం తగ్గిందని యాంటీబయాటిక్ మధ్యలో ఆపకండి. పాడి పశువైతే డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకండి.