పటము గీయు కంటికి బీమా

సిద్దిపేట జిల్లా చేర్యాలలో కథాపటములు గీయు నకాశీవారి యింట పటము సిద్ధమగు తీరును ఒక దినమంతయు కూర్చుండి చూచినవారి మనస్సునకు ముందుగా తట్టునది రంగుల సౌందర్యము కాదు, ఆ పనిలోని శరీరశ్రమ. ఖద్దరు గుడ్డకు గంజియు, సుద్దమట్టియు, ఉడికించిన చింతగింజల పిండియు కలిపి పూతమీద పూత పూసి, ఎండనిచ్చి, ఆ తెల్లని తలముపై కుంచెతోనే నేరుగా ఆకృతులను గీసి, వెనుకటి తావునంతయు ఎఱుపుతో నింపి, కడపట కనుముక్కు తీరు దిద్దువరకును ఆ మనిషి నడుము వంచి, మెడ వాల్చి, రెప్ప వేయుట మఱచినట్లు నేలమీదనే కూర్చుండును. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, చాకలివారికి మడేలు పురాణమును, గౌడులకు గౌడ పురాణమును ఊరూరా విప్పి చెప్పుటకు కథకులు మోసికొనిపోయిన పటములన్నియు ఇట్టి వంగిన నడుముల నుండియే పుట్టినవి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళకు మూలధనము రెండు కన్నులు, ఒక చేయి. ఆ కన్ను మసకబారిననాడు కళ ఏమగును, కుటుంబమేమగును అను ప్రశ్నయే నన్ను ఈ కథనమునకు పురికొల్పినది.

ఈ ప్రశ్నకు ఒకప్పుడు ఒక సమాధానము లభింపకపోలేదు. 2007లో కేంద్ర ప్రభుత్వ హస్తకళల శాఖ, ఐసీఐసీఐ లాంబార్డు అను బీమా సంస్థతో కూడి, రాజీవ్ గాంధీ శిల్పి స్వాస్థ్య బీమా యోజన యను పథకమును ప్రారంభించినది. శిల్పికిని, అతని కుటుంబములో మఱి ముగ్గురికిని కలిపి ఏడాదికి 15,000 రూపాయల వైద్యము. అందు సగము దవాఖానలో చేరవలసిన పనిలేని బయటి వైద్యమునకే. పాతరోగమని త్రోసిపుచ్చుట లేదు. అంతకు ముందే చేనేతవారికై వచ్చిన ఇట్టి పథకములో కళ్లజోడుకని 250 రూపాయలు ప్రత్యేకముగా కేటాయింపబడినవి. మొత్తము చిన్నదే, అయినను బీమా పత్రములలో నేను చదివిన పంక్తులన్నింటిలో నాకు మిక్కిలి ప్రియమైనది ఆ కళ్లజోడు పంక్తియే. దానిని వ్రాసిన అధికారి ఎవరో గాని, మగ్గపు గుంటలో కూర్చున్నవాని అవసరమును ఎఱిగినవాడు. కాలక్రమమున ఆ పథకములు ఇతర పథకములలో కలిసిపోయినవి. తరువాత వచ్చిన బీమా పెద్ద శస్త్రచికిత్సల వైపు, ఆస్పత్రి పడకల వైపు మొగ్గినది.

ఆ మొగ్గు నిష్ప్రయోజనమని నేననను. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై, 2008 జూలై నాటికి నాటి ఆంధ్రప్రదేశ్ అంతటను వ్యాపించిన ఆరోగ్యశ్రీ ఎన్ని గుండెలను నిలిపినదో తెలుగువారికి చెప్పనక్కఱలేదు. అందు మొదటి భాగమును నడిపినది స్టార్ హెల్త్ అను బీమా సంస్థ. ఆ ఒప్పందములో రెండు నియమములు కలవు. వానిని జనులు మఱచిరి గాని, మఱువదగినవి కావు. పథకమున చేరిన ఆస్పత్రులు పల్లెలలో ఉచిత వైద్యశిబిరములు నడుపవలెననునది మొదటిది. క్లెయిములు చెల్లించి, కంపెనీ ఖర్చులకని 20 శాతము మినహాయించుకొనిన పిమ్మట మిగులు తేలినచో, అందు 90 శాతము ప్రభుత్వమునకు తిరిగి యీయవలెననునది రెండవది. పల్లెలో రోగిని చేయిపట్టి నడిపించు ఆరోగ్యమిత్రలను మహిళా సమాఖ్యల ద్వారా ఎంపిక చేసిన కాలమది. బీమా సొమ్ము జనుల నుండి వచ్చినది గనుక, మిగిలినది జనుల వైపే మరలవలెనను ధర్మము ఆ పత్రమున అక్షరరూపము దాల్చియుండెను. అప్పుడు కుటుంబమునకు 2 లక్షలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి 10 లక్షలు. పరిమితి పెరిగినది, సంతోషమే. కాని రోగము ముదిరి పట్టణము చేరువఱకు ఆగక, అది పుట్టు ఊరిలోనే దానిని అడ్డుకొనుటకు వెచ్చింపబడు సొమ్ము ఏది?

ఈ సందర్భమున ఒక విదేశీ వైద్యుని ముచ్చట చెప్పవలెను. 1933లో అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారిలో, కొలరాడో నది నీటిని తరలించు కాలువ పని జరుగుచోట, సిడ్నీ గార్‌ఫీల్డు అను యువవైద్యుడు చిన్న ఆస్పత్రి తెఱచి, వచ్చిన రోగులవలన గిట్టుబాటు కాక మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు బీమా సంస్థ తన ప్రీమియములో కొంత భాగమును ముందుగానే ఆయనకు చెల్లించుటకు అంగీకరించెను; కూలీలు దినమునకు 5 సెంట్లు కట్టిరి. సొమ్ము ముందే చేతికి వచ్చుటతో ఆ వైద్యుని ఆలోచన తలక్రిందులైనది. గాయపడినవాడు వచ్చిన కొలది ఆదాయము పెరుగుట పోయి, గాయము లేకుండుటయే లాభమైనది. అంతట ఆయన పనిచోటులకు పోయి, కూలీల కాళ్లలో దిగు మేకులను సుత్తితో కొట్టించి చదును చేయించెను, సొరంగములకు ఊతకఱ్ఱలు పెట్టించెను. కైసర్ పర్మనెంటి యను మహాసంస్థకు అదియే బీజము. ఆ సంస్థ 2018లో ఇండ్లులేని జనుల నివాసముల కొఱకు 20 కోట్ల డాలర్లు పెట్టుబడిగా ప్రకటించుట ఆ మేకుల కథకు కొనసాగింపే గాని, దానము కాదని నా అభిప్రాయము.

మన దేశమున ఇట్టి వ్యయమునకు చట్టమే దారి చూపినది. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో కనీసము 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో వైద్యము, పారిశుద్ధ్యము, తాగునీరు ఒకచో ఉండగా, సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి మఱియొకచో కలదు. నకాశీవారి కంటిచూపు ఈ రెండింటికిని చెందును గదా! కంపెనీ తాను వ్యాపారము చేయు ప్రాంతమునకు ప్రాధాన్యమీయవలెనని కూడ ఆ సెక్షనే చెప్పుచున్నది. బీమా సంస్థకు ఆ ప్రాంతమేది? ప్రధాన కార్యాలయమున్న ముంబయియా, చెన్నయియా? ప్రీమియము కట్టు గృహస్థుడున్న ప్రతి ఊరును దాని వ్యాపారస్థలమే. హైదరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున నున్న చేర్యాలయు అట్టిదే.

ఐసీఐసీఐ లాంబార్డు 2011 నుండి బడిపిల్లలకు కంటి పరీక్షలు చేయించి కళ్లజోళ్లు పంచు కార్యక్రమమును తన ఉద్యోగుల చేతులమీదుగా నడుపుచున్నది. ఇది మెచ్చదగిన మార్గము. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15న ఆరంభించిన కంటివెలుగు, అట్టి పనిని రాష్ట్రమంతటి పరిమాణమున చేయవచ్చునని చూపినది. ప్రభుత్వము చేయునట్టి పనిని కంపెనీలు ఏల చేయవలెనని అడుగువారు కలరు. ప్రభుత్వము అందఱ కన్నులను ఒకమారు చూడగలదు. చేర్యాలలో కుంచె పట్టువాని కన్నును ప్రతి ఆఱు మాసములకు చూచుటకు, వాని మెడనొప్పికి వ్యాయామము నేర్పుటకు, వెలుతురు చాలని పనిగదికి మంచి దీపము అమర్చుటకు స్థానికముగా నిలిచిన సొమ్ము కావలెను. ఆ సొమ్ము పెద్దది కానక్కఱలేదు, తెగక రావలెను.

ఇచ్చట ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. బ్యానరు కట్టి, బీపీ చూచి, షుగరు చూచి, ఫొటో దిగి సాయంత్రమునకు వెళ్లిపోవు శిబిరము ఆరోగ్యమునకు చేయు మేలు స్వల్పము. షుగరు ఉన్నదని చెప్పించుకొనిన వృద్ధురాలికి మఱునాటి మాత్ర ఎవరిత్తురు? నెలనెల మాత్ర అందవలెను, ఆశ కార్యకర్త ఆమె గడప త్రొక్కవలెను, మందు తీసికొనుచున్నదా యని ఒకరు పట్టించుకొనవలెను. శిబిరమునకై సంస్థ వెచ్చించు దానిలో అధికభాగము శిబిరము ముగిసిన పిమ్మటి పండ్రెండు నెలలకు కేటాయింపబడినప్పుడే దానిని నేను పెట్టుబడి యందును.

అట్టి నిలుకడైన పనికి చోటు కూడ కలదు. చేర్యాల చెంతనున్న కొమురవెల్లిలో సంక్రాంతి నుండి ఉగాది వఱకు ఆదివారము ఆదివారము మల్లన్న జాతర సాగును. పట్నము వేయించి, బోనము సమర్పించుటకు పల్లెపల్లె నుండి తరలివచ్చు ఆ కుటుంబములు మూడు మాసములు తామై ఒకచోటికి వచ్చుచుండగా, అచ్చట నిలుకడగా ఒక పరీక్షాకేంద్రము పెట్టి, తేలిన రోగుల పేర్లను వారివారి ఊళ్ల దవాఖానలకు చేర్చు ఏర్పాటు చేయుటకు ఏ బీమా సంస్థకైనను అడ్డేమి? ఇదే సిద్దిపేట జిల్లాలోని కోమటిబండలో 2016 ఆగస్టు 7న ఇంటింటికి తాగునీరందించు మిషన్ భగీరథ ఆరంభమైనది; ఆ జిల్లా కేంద్రమున 2018లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. నీరు, వైద్యులు దగ్గఱకు వచ్చిరి. ఊరికిని వైద్యునికిని నడుమ ఏడాది పొడవున తిరుగు మనిషి జీతమే ఇంకను కొఱవడినది.

పాఠకులారా, 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్యబీమాపై జీఎస్టీ తొలగినది. మీ ప్రీమియము కొంత తగ్గియుండును. ఈ యేడు పాలసీ పునరుద్ధరించునపుడు, ఆ సంస్థ తన వెబ్‌సైటులో చట్టప్రకారము ప్రకటింపవలసిన సామాజిక వ్యయపు నివేదికను తెఱచి, అందు మీ జిల్లా పేరున్నదేమో వెదకుడు. లేనియెడల, మా ఊరికి ఏమి చేసితిరని అడుగుచు ఆ సంస్థకు తెలుగులో ఒక ఉత్తరము వ్రాయుడు.