పాత ఆటలో కొత్త దారులు: వీడియో గేమ్‌లను అభిమానులు ఎలా మారుస్తారు?

పుస్తకం అచ్చయిన తరువాత అందులో తప్పులు దొర్లాయని తెలిస్తే ప్రచురణకర్త ఏం చేస్తాడు? పుస్తకమంతా మళ్లీ అచ్చు వేయించడు. చివర ఒక చిన్న కాగితం అంటిస్తాడు. ‘24వ పేజీ, 6వ పంక్తిలో ఇలా ఉన్నదాన్ని ఇలా చదువుకోండి’ అని అందులో ఉంటుంది. దాన్నే తప్పొప్పుల పట్టిక అంటాం. ఆ పట్టిక ఒక్కటే చేతిలో ఉంటే మనకు కథ తెలియదు. పుస్తకాన్ని పక్కన పెట్టుకున్నప్పుడే దానికి అర్థం. ఈ చిన్న కాగితాన్ని గుర్తుంచుకోండి. నేటి ప్రసంగానికి అదే తాళంచెవి.

1980, 1990 దశకాల్లో టీవీకి తగిలించుకుని ఆడిన సాహస క్రీడలను వాటి అభిమానులు ఇవాళ్టికీ మారుస్తూనే ఉన్నారు. పాత ఆటలో కొత్త పటాలు, కొత్త కథలు, కొత్త భాషలు చేరుస్తున్నారు. ఇలా మార్చిన ఆటను ‘రోమ్ హ్యాక్’ అంటారు. రోమ్ అంటే ఆట నిక్షిప్తమైన మెమరీ చిప్. హ్యాక్ అనగానే దొంగతనం గుర్తుకు రావచ్చు గాని, ఇక్కడ ఆ మాటకు లోపలి అమరికను చదివి మార్చడం అనే అర్థం. ఈ పని ఎలా జరుగుతుంది? దానివల్ల ఎవరికి ప్రయోజనం? చట్టం ఏమంటుంది? ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ అనే ఆటల వరుసను ఉదాహరణగా తీసుకుని ఈ మూడు విషయాలూ చూద్దాం.

ఆట లోపల ఏముంది?

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ ‘జెల్డా’ మొదటి ఆటను 1986 ఫిబ్రవరిలో విడుదల చేసింది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా దాని రూపకర్తలు. లింక్ అనే కుర్రవాడు హైరూల్ అనే రాజ్యంలో అడవులు, కొండలు, నేలమాళిగలు గాలించి రాకుమారి జెల్డాను విడిపించడం ఇందులోని కథ. జపాన్‌లో ఇది డిస్క్ మీద వచ్చింది. 1987లో అమెరికాకు వెళ్లినప్పుడు కార్ట్రిడ్జ్‌గా మారింది. 1990లలో ఆ యంత్రానికి నకళ్లు మన దేశంలోనూ అమ్ముడుపోయాయి. వాటిలో గుచ్చే ప్లాస్టిక్ డబ్బీని మన పిల్లలు ‘క్యాసెట్’ అనేవారు. అదే కార్ట్రిడ్జ్.

అమెరికాలో వచ్చిన జెల్డా కార్ట్రిడ్జ్ సామర్థ్యం 128 కిలోబైట్లు, అంటే 1,31,072 బైట్లు. ఇవాళ సెల్‌ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో కూడా ఇంతకన్నా పెద్దదే. ఆట నడిపే ప్రోగ్రామ్, బొమ్మలు, సంగీతం, మాటలు, పటాలు అన్నీ ఈ కొద్ది చోటులోనే సర్దాలి.

ఎలా సర్దారో ఒక లెక్క వేసి చూద్దాం. బయటి ప్రపంచపు పటం అడ్డంగా 16, నిలువుగా 8, మొత్తం 128 తెరలు. ఒక్కో తెరను అడ్డంగా 16 నిలువు పట్టీలుగా విభజించారు. చెట్ల పట్టీ, కొండ అంచు పట్టీ, ఇసుక పట్టీ ఇలా కొన్ని పట్టీలను ముందే తయారుచేసి ఒక జాబితాలో ఉంచారు. తెరను గీయడానికి ఏ పట్టీ తరువాత ఏ పట్టీ రావాలో చెబితే చాలు. పట్టీకి ఒక బైట్ చొప్పున తెరకు 16 బైట్లు. మనం చాలాసేపు తిరిగే ఒక అడవి చోటు నిజానికి 16 అంకెల వరుస మాత్రమే.

ఇప్పుడు ఆ 16 అంకెల్లో ఒకదాన్ని మార్చామనుకోండి. ఆ తెరలో ఒక పట్టీ మారుతుంది. కొండ ఉన్నచోట దారి తెరుచుకోవచ్చు. అలాకాక జాబితాలోని పట్టీనే మార్చితే? ఆ పట్టీని వాడుకున్న ప్రతి తెరలోనూ మార్పు కనిపిస్తుంది. ఇక్కడ ఒక చెట్టు తీసేస్తే మరెక్కడో నాలుగు చోట్ల చెట్లు మాయమవుతాయి. ఆటను మార్చాలనుకునే వారికి మొదటి పాఠం ఇదే. మార్చడానికి ముందు చదవాలి. ఏది దేనితో ముడిపడి ఉందో తెలియాలి.

14 బైట్ల కాగితం

మార్చిన ఆటను ఇతరులకు ఇవ్వడం ఎలా? ఆట మొత్తాన్ని నకలు చేసి పంచితే అది నింటెండో సొత్తును పంచడమే. అందుకని అభిమానులు తప్పొప్పుల పట్టిక పద్ధతిని పట్టుకున్నారు. తాము మార్చిన చోట్లను మాత్రమే చెప్పే చిన్న ఫైల్‌ను తయారుచేస్తారు. దాని పేరు ‘ప్యాచ్’.

ఎక్కువగా వాడిన ప్యాచ్ రకాల్లో ఐపీఎస్ ఒకటి. దాని అమరిక చాలా సరళం. మొదట ఇది ప్యాచ్ అని చెప్పే 5 అక్షరాలు ఉంటాయి. తరువాత ఒక్కో మార్పుకు ‘ఎక్కడ’ అని చెప్పడానికి 3 బైట్లు, ‘ఎన్ని’ అని చెప్పడానికి 2 బైట్లు, ఆపైన కొత్త సమాచారం. చివర ముగింపును తెలిపే 3 అక్షరాలు. ఒకే ఒక్క బైట్‌ను మార్చే ప్యాచ్‌కు 5, 3, 2, 1, 3 కలిపి 14 బైట్లు సరిపోతాయి. కొండలో దారి తెరిచే పట్టిక అంత చిన్నది.

ఈ సరళతకు హద్దులున్నాయి. మూడు బైట్లతో 16 మెగాబైట్ల వరకే స్థానాలను చెప్పగలం. 1998లో వచ్చిన ‘ఆకరినా ఆఫ్ టైమ్’ అనే జెల్డా ఆట పరిమాణం 32 మెగాబైట్లు. ఇంకో లోపం, మన దగ్గరున్నది సరైన ఆటేనా అని ఐపీఎస్ పరీక్షించదు. రెండో కూర్పు పుస్తకానికి మొదటి కూర్పు తప్పొప్పుల పట్టికను అంటిస్తే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. తరువాత వచ్చిన బీపీఎస్ వంటి రకాలు మూలాన్ని సరిచూసుకున్నాకే మార్పులు చేస్తాయి.

భాష మారితే

పటాలు మార్చడం కన్నా భాష మార్చడం కష్టం. 1995లో జపాన్‌లో వచ్చిన ‘సెకెన్ డెన్సెత్సు 3’ అనే ఆట అప్పట్లో ఇంగ్లీషులో రాలేదు. 2000లో అభిమానులే ఇంగ్లీషు ప్యాచ్ విడుదల చేశారు. సంస్థ తరఫున ఇంగ్లీషు అనువాదం 2019లో వచ్చింది. నడుమ 19 ఏళ్లపాటు జపనీస్ రాని వారికి ఆ ఆటను చదివి వినిపించింది అభిమానుల అనువాదమే.

ఇందులో కష్టం ఏమిటి? జపనీస్‌లో నాలుగు అక్షరాల్లో ఇమిడే మాటకు ఇంగ్లీషులో పది అక్షరాలు పట్టవచ్చు. వాక్యం పెరిగితే తరువాతి వాక్యాలన్నీ పక్కకు జరుగుతాయి. ఏ వాక్యం ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకెలను ‘పాయింటర్లు’ అంటారు. పుస్తకంలో పేజీలు పెరిగితే విషయసూచికను సరిదిద్దినట్లే పాయింటర్లన్నిటినీ సరిదిద్దాలి. ఒక్కటి తప్పినా పాత్ర సగం వాక్యం నుంచి మాట్లాడడం మొదలుపెడుతుంది, లేదా ఆట ఆగిపోతుంది.

ఇదే పనిని తెలుగులో చేయాలనుకుంటే ఏమవుతుందో ఊహించండి. ఆ కాలపు యంత్రాల్లో బొమ్మలన్నీ 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల చిన్న గళ్లతో ఏర్పడతాయి. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో సులువుగా పడుతుంది. మన ‘స్త్రీ’ని ఆ 64 చుక్కల్లో రాసి చూడండి. సకారం, దాని కింద తవత్తు, రవత్తు, పైన గుడిదీర్ఘం ఒకదాన్నొకటి మింగేస్తాయి. కాబట్టి ఒక్కో అక్షరానికి రెండు లేదా నాలుగు గళ్లు కేటాయించాలి. వాటిని పేర్చే ప్రోగ్రామ్‌ను కొత్తగా రాయాలి. మాటలు మార్చడంతో సరిపోదు, అక్షరాలు గీసే పద్ధతినే మార్చాలి. మన లిపికి కంప్యూటర్‌లో చోటు కల్పించిన వారు ఎదుర్కొన్నదీ ఈ రకం సమస్యే.

గాలిలో వచ్చి గాలిలో పోయిన ఆట

ఈ కృషి వల్ల అసలు ప్రయోజనం ఏమిటో తెలియాలంటే 1995 నాటి ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ ఏడాది నింటెండో, సెయింట్ గిగా అనే ఉపగ్రహ ప్రసార సంస్థతో కలిసి జపాన్‌లో ‘సాటెల్లావ్యూ’ అనే సేవను ప్రారంభించింది. సూపర్ ఫామికామ్ యంత్రం అడుగున ఒక పరికరం అమర్చుకుంటే ఆటలు ఉపగ్రహం ద్వారా ఇంటికి వస్తాయి. ఆ ఆగస్టులో జెల్డా మొదటి కథ కొత్త రూపంలో వారానికొక భాగం చొప్పున నాలుగు భాగాలుగా ప్రసారమైంది.

దీని విశేషం ఏమిటంటే, ఆడుతున్న సమయంలోనే కథకుని గొంతు, సంగీతం రేడియోలా ప్రసారమయ్యేవి. ఫలానా నిమిషానికి కథలో ఫలానా సంఘటన జరుగుతుంది. దేశంలో ఎందరు ఆడుతున్నా అందరికీ ఒకేసారి జరుగుతుంది. సమయం దాటితే ఆనాటి ఆట అయిపోయినట్లే.

ఆట సమాచారం ఒక మెగాబైట్ మెమరీ ప్యాక్‌లోకి దిగేది. ఆ ప్యాక్ తిరగరాయగలిగింది. మరో కార్యక్రమం దింపుకుంటే పాతది చెరిగిపోతుంది. గొంతు మాత్రం ప్యాక్‌లో నిలవనే నిలవదు. 2000 జూన్‌లో సేవ ముగిసింది. దుకాణంలో అమ్మిన కార్ట్రిడ్జ్ ఏదీ లేదు కాబట్టి, చెరిగిపోకుండా మిగిలిన కొన్ని ప్యాక్‌లే ఆ ఆటకు ఆధారమయ్యాయి.

వాటిలోని బైట్లను అభిమానులు చదివి భద్రపరిచారు. అయితే ప్రసారం కోసం ఎదురుచూసే ఆట, ప్రసారం లేకపోతే ముందుకు కదలదు. ఆ ఎదురుచూపును దాటించే ప్యాచ్‌లు రాశారు. గడియారాన్ని ఆట లోపలే తిరిగేలా చేశారు. ఇంగ్లీషులోకి మార్చారు. ఇలా ఆట మళ్లీ నడిచింది. కాని ఆనాటి గొంతులు పూర్తిగా దొరకలేదు. కొందరు ప్రేక్షకులు ఇంట్లో వీడియో టేపు మీద రికార్డు చేసుకున్న మేరకే అవి మిగిలాయి. ప్రసారమయ్యేది ఏదైనా, దాన్ని ఎవరో ఒకరు దాచకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కొత్త దారులు

చదవడం బాగా వచ్చిన తరువాత కల్పన మొదలవుతుంది. 2001 నాటి ‘అవుట్‌లాండ్స్’ మొదటి జెల్డాకు పూర్తిగా కొత్త పటం, కొత్త నేలమాళిగలు ఇచ్చింది. 1991 నాటి ‘ఎ లింక్ టు ద పాస్ట్’ మీద తయారైన ‘ప్యారలల్ వరల్డ్స్’ కఠినమైన ఆటగా పేరు పొందింది.

‘ర్యాండమైజర్’ మరో రకం. ఆటలోని వస్తువులను ఇది పేకముక్కల్లా కలిపి వేరు వేరు చోట్ల దాస్తుంది. అయితే విచ్చలవిడిగా కలపకూడదు. అగాధం దాటడానికి కొక్కెం కావాలి. ఆ కొక్కెమే అగాధం అవతలి పెట్టెలో పడితే ఆట ఎన్నటికీ పూర్తికాదు. ఏ వస్తువు చేతిలో ఉంటే ఏ చోటికి చేరగలమో ముందుగా లెక్క వేసి, దారి తప్పకుండా ఉండేలా పంచాలి. గణితంలో గ్రాఫ్ సిద్ధాంతం చదివిన విద్యార్థులకు ఇది తెలిసిన సమస్యే.

ఇంకా లోతైన కృషి ‘ఆకరినా ఆఫ్ టైమ్’ మీద జరిగింది. యంత్ర భాషలో ఉన్న ఆటను మనుషులు చదవగల సీ భాషలోకి అభిమానులు తిరిగి రాశారు. వారు రాసినదాన్ని కంపైల్ చేస్తే అసలు ఆటతో బైట్‌కు బైట్ సరిపోవాలి. అదే వారికి పరీక్ష. 2021 నవంబరులో ఆ పని పూర్తయింది.

చట్టం మాట

ఆట దాని సంస్థ సొత్తు. అభిమాని శ్రమ అభిమానిది. ఈ రెండింటి మధ్య ఘర్షణ తప్పదు. ‘క్రోనో ట్రిగర్’ మీద ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేస్తున్న ‘క్రిమ్సన్ ఎకోస్’ అనే మార్పు, పూర్తయ్యే దశలో ఉండగా 2009 మేలో స్క్వేర్ ఎనిక్స్ సంస్థ నోటీసుతో ఆగిపోయింది.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి పరిశీలించవచ్చు. చట్టబద్ధంగా పొందిన సొంత కాపీ నుంచి వ్యాపారేతర సొంత వాడకానికి నకలు గాని, మార్పుచేసిన రూపం గాని తయారు చేసుకోవచ్చు. ఇవి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు చెప్పిన మాటలు. ఆటలోని సంగీతం, బొమ్మలు వేరే రచనలుగా రక్షణ పొందుతాయి. మార్చిన ఆటను పంచడానికి, అమ్మడానికి ఈ మినహాయింపు అనుమతి కాదు. ప్యాచ్‌లో మూలం లేకపోవడం జాగ్రత్తే గాని, అది అన్ని ప్రశ్నలకూ జవాబు కాదు.

విద్యార్థులకు ఒక సూచన. ఈ పని రుచి చూడడానికి ఎవరి ఆటా అక్కర్లేదు. మీరే ఒక చిన్న ఫైల్‌లో నాలుగు వాక్యాలు రాసుకోండి. హెక్స్ ఎడిటర్‌తో తెరిచి, ఏ అక్షరం ఏ అంకెగా ఉందో చూడండి. ఒక అంకె మార్చి ఏమైందో గమనించండి. తరువాత ఆ మార్పును మాత్రమే చెప్పే పట్టికను కాగితం మీద రాసి స్నేహితుడికి ఇవ్వండి. అతడు తన ఫైల్‌ను ఆ పట్టిక ప్రకారం సరిగ్గా మార్చగలిగితే, మీరు మీ మొదటి ప్యాచ్ రాసినట్లే.

జెల్డాను మార్చినవారు మొదట దాన్ని అక్షరం అక్షరం చదివినవారు. ఉపగ్రహం నుంచి వచ్చి చెరిగిపోబోయిన ఆట నిలిచింది కూడా అలా చదివినవారి వల్లనే.