సిలికాన్ పాలసీసా కొనే ముందు

నాయుడుపేట పరిసర గ్రామాల నుంచి మేనకూరు సెజ్‌కు పనికి వెళ్లే తల్లులు బిడ్డను అవ్వ దగ్గర వదిలి వెళ్లాలి. అలాంటప్పుడు ఏ పాలసీసా కొనాలన్న సందేహం సహజం. ఈ మధ్య సిలికాన్ సీసా పేరు ఎక్కువగా వినబడుతోంది.

అంతకన్నా ముందు ఒక మాట. మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అవసరం లేదు. పనికి వెళ్లే తల్లి పాలు పిండి, శుభ్రమైన మూతగిన్నెలో ఉంచి వెళ్లవచ్చు. బయట ఉంచితే 4 గంటల లోపు పట్టించాలి, మన ఎండాకాలంలో ఇంకా ముందే. ఫ్రిజ్‌లో అయితే 24 గంటలు ఉంచవచ్చు. పట్టించడానికి ఉగ్గుగిన్నె చాలు. దానికి మరలు లేవు, పీక లేదు, మురికి దాగే మూల లేదు. ఎంత ఖరీదైన సీసా అయినా దానికి సాటి రాదని మా అభిప్రాయం.

సీసా తప్పదంటే సిలికాన్‌ది మంచిదే. కిందపడినా పగలదు, మరిగే నీటికి తట్టుకుంటుంది. అయితే పెట్టె మీద "సిలికాన్" అని ఉన్నా కొన్నిటికి పీక ఒక్కటే సిలికాన్, సీసా ప్లాస్టిక్. చదివి కొనండి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి, 1992 నాటి చట్టం ప్రకారం అది లేని పాలసీసా అమ్మకూడదు. పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడం, ఉచితంగా పంచడం కూడా ఆ చట్టం నిషేధించింది. మూతి వెడల్పుగా ఉంటే లోపల కడగడం సులువు.

మెత్తని సీసాతో ఒక చిక్కుంది. చేత్తో నొక్కి పట్టుకుంటే నీటి మట్టం పైకి లేస్తుంది, కొలత తప్పుతుంది. డాక్టరు చెప్పి పాలపొడి వాడుతున్నవారు సీసాను బల్ల మీద పెట్టి, కళ్లకు ఎదురుగా కొలత చూడాలి. పొడి మిగలాలని నీళ్లు ఎక్కువ పోస్తే బిడ్డ బరువు పెరగదు.

ఇక శుభ్రత. పాలు తాగిన వెంటనే పీక, రింగు, మూత అన్నీ విడదీసి చల్లని నీళ్లతో కడిగి, తరువాత సబ్బునీళ్లతో మెత్తని బ్రష్ పెట్టి తోమాలి. ఇనుప పీచు వద్దు, సిలికాన్‌పై గీతలు పడి వాటిలో పాలు నిలుస్తాయి. అన్నీ నీటిలో పూర్తిగా మునిగేలా వేసి, మరగడం మొదలయ్యాక కనీసం 5 నిమిషాలు ఉంచండి. గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టండి. సిలికాన్ వాసనను పట్టుకుంటుంది, దుమ్మును కూడా. పోపు ఘాటు తగలని చోట మూతపెట్టిన డబ్బాలో దాచండి. బోరునీళ్ల వల్ల తెల్లపొర పేరుకుంటే నిమ్మరసంతో రుద్దితే పోతుంది. బిడ్డ తాగగా మిగిలిన పాలు పారబోయవలసిందే, ప్రాణం ఒప్పకపోయినా.

పాలు త్వరగా దిగాలని పీక రంధ్రాన్ని వేడి సూదితో పెద్దది చేసే అలవాటు కొందరిది. బిడ్డకు పొలమారుతుంది, అలా చేయకండి. పీక చిరిగినా, జిగటగా మారినా ఆ రోజే మార్చండి.

బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే తల్లిపాలు ఆపవద్దు. ఓ.ఆర్.ఎస్. పట్టిస్తూ, మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. వచ్చేటప్పుడు సీసాను కూడా తీసుకురండి, విడదీసి చూస్తాం.